కట్టెల పొగ, బొగ్గు పొగ, డీజిల్ పొగ: ఏది ఎంత హాని?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఊళ్లో ఇంట్లో గ్యాస్ ఉన్నా మీ అమ్మగారు కట్టెల పొయ్యి మీదే వండుతున్నారు, ఈ మధ్య దగ్గు వదలడం లేదు. మీ నాన్నగారేమో "కట్టె చెట్టు నుంచి వచ్చింది, ప్రకృతి సహజం, కాలుష్యమంతా పెట్రోలు, డీజిలు, బొగ్గు వల్లే, మా అమ్మ కాలం నుంచి ఇదే పొయ్యి" అంటున్నారు. ఎవరి మాట నిజం, ఇప్పుడు ఏం చేయాలి అని. నేను ఇరవై రెండేళ్లుగా గాలి నమూనాలు తీసి, తూచి, పరీక్షించే పనిలో ఉన్నాను. ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, నాలుగు రోడ్ల కూడళ్లలో, కొన్నాళ్లు పల్లెల్లో వంటిళ్లలో కూడా మిషన్లు పెట్టాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

బొగ్గు గురించి, డీజిల్ గురించి మీ నాన్నగారు అన్నది తప్పు కాదు. కట్టె గురించి అన్నదే తప్పు. ఇంధనం ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ఊపిరితిత్తులకు పట్టదు. అది ఎంత పూర్తిగా కాలింది, దానిలో ఇంకేం కలిసి ఉంది, పొగ వచ్చే చోటికి మన ముక్కు ఎంత దూరంలో ఉంది, ఈ మూడే చూడాలి. మొదటి విషయంలోనూ మూడో విషయంలోనూ కట్టెల పొయ్యి చాలా ఘోరంగా ఉంటుంది.

ఇంట్లో కొవ్వొత్తి ఉంటే ఒకసారి ఇలా చేసి చూడండి. వెలిగించి కాసేపు ఉంచి ఆర్పండి. వత్తి నుంచి తెల్లటి పొగ చారలా పైకి లేస్తుంది కదా, ఆ పొగకు వత్తికి కాస్త పైన అగ్గిపుల్ల చూపించండి. మంట పొగ మీదుగా కిందికి దిగి వత్తిని మళ్లీ అంటుకుంటుంది. అంటే పొగ అనేది కాలిపోయిన దాని అవశేషం కాదు, కాలకుండా తప్పించుకున్న ఇంధనం. కట్టెలోనూ ఇంతే. కట్టె నేరుగా మండదు. వేడికి ముందు దానిలోంచి రకరకాల వాయువులు బయటికొస్తాయి, మండేది ఆ వాయువులు. సరిపడా గాలి, సరిపడా వేడి, కలవడానికి సరిపడా సమయం దొరికితే అవన్నీ బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి అయిపోతాయి. మూడు రాళ్ల పొయ్యిలో ఈ మూడూ సరిగ్గా దొరకవు. గాలి ఒక పక్క నుంచే వస్తుంది, కుండ అడుగు చల్లగా ఉండి మంటను చల్లారుస్తుంది, పెద్ద మొద్దు లోపలికి తోసిన ప్రతిసారీ వేడి పడిపోతుంది. అప్పుడు కాలకుండా మిగిలినవే కార్బన్ మోనాక్సైడ్ అనే విష వాయువు, దానితో పాటు బెంజీన్, ఫార్మాల్డిహైడ్, బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలు, వీటన్నిటితో పాటు అతి సన్నని మసి, తారు తుంపరలు.

పచ్చి కట్టె అయితే ఇక చెప్పనక్కర్లేదు. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉంటాయి. పొయ్యిలో పెడితే అవతలి కొస నుంచి నురుగు కక్కుతూ సుయ్‌మని శబ్దం చేస్తుంది, మీరూ చూసే ఉంటారు. మంట వేడిలో పెద్ద భాగం ఆ నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది, పొయ్యి చల్లబడుతుంది, పొగ రెట్టింపవుతుంది. వానాకాలంలో తడిసిన సర్కారు తుమ్మ కట్టెలతో వంట చేసే ఆడవాళ్ల కళ్లు చూడండి, నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నేను కళ్లారా చూసిన సంగతి. మా పనిలో గుండ్రటి తెల్లటి ఫిల్టర్ కాగితాన్ని ముందు తేమ లేని చోట ఒక రోజు ఉంచి తూచి, మిషన్‌లో పెట్టి గాలి లాగించి, మళ్లీ తూస్తాం. పెరిగిన బరువే ధూళి. కూడలిలో పెట్టిన కాగితం ఒక రోజు గడిచాక నల్లటి బూడిద రంగులోకి మారుతుంది. రాతి క్వారీ దగ్గర పెట్టింది లేత గోధుమ రంగుకు వస్తుంది. ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో, పెంకుటిల్లు వంటగదిలో, పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నావిడ ముఖం ఎత్తులో చిన్న పంపు కట్టాం. ఆవిడ ఊదుగొట్టంతో ఊదుతూ అన్నం, పప్పు, వేపుడు చేశారు, గంటన్నర పట్టింది. చంకలో ఏడాది మనవడు. తర్వాత కాగితం తీస్తే చిక్కటి కాఫీ డికాక్షన్ రంగు. మూడు రోజుల తర్వాత ల్యాబ్‌లో డబ్బా మూత తీసినా పొగ వాసన గుప్పుమంది. పైన చూస్తే దూలాలూ వాసాలూ లక్క పూసినట్టు నల్లగా నిగనిగలాడుతున్నాయి. దాని కింద ఉట్టిలో విత్తనానికి దాచిన మొక్కజొన్న కంకులు. పొగ గొట్టం పెట్టించుకోండమ్మా అంటే, "పొగ లేకపోతే విత్తనాలకు పురుగు పడుద్ది సార్" అన్నారావిడ. నిజమే, పొగ పురుగును ఆపుతుంది. పురుగు దగ్గరికి రాలేని గాలిని ఆ పసివాడు పీలుస్తున్నాడు. ఆవిడకు ఆ మాట ఎలా చెప్పాలో ఆ రోజు నాకు తెలియలేదు.

పీఎం 2.5 అని వార్తల్లో వింటూ ఉంటారు కదా, ఆ కాగితం మీద పేరుకున్నది చాలావరకు అదే. రెండున్నర మైక్రాన్లు, అంతకంటే సన్నగా ఉండే కణాలు. మన తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు అనుకుంటే దానిలో ఇరవయ్యో వంతు. ముక్కులో వెంట్రుకలు, గొంతులో కఫం దీన్ని ఆపలేవు. ఊపిరితిత్తుల చివరి గాలి సంచుల దాకా వెళుతుంది, మరీ సన్నవి రక్తంలోకి కూడా దిగుతాయి. అందుకే దగ్గు, ఆయాసంతో ఆగదు. గుండెపోటు, పక్షవాతం, పిల్లల్లో న్యుమోనియా, పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్లలో కంటి శుక్లాలు, ఇవన్నీ దీనితో ముడిపడి ఉన్నాయి. జీవితంలో ఒక్క బీడీ కూడా తాగని ఆడవాళ్లకు, బీడీలు తాగే మగవాళ్లకు వచ్చే సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే) జబ్బు రావడానికి మన దేశంలో పెద్ద కారణం ఇదే. ఇళ్లలో పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

దూరం సంగతికి వస్తాను, అసలు కీలకం అక్కడే ఉంది. కిర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త 1980ల మొదట్లో గుజరాత్ పల్లెల్లో పొయ్యిల దగ్గర కొలతలు తీశారు. అప్పటికి ప్రపంచమంతా నగరాల పొగ గొట్టాలనే చూస్తోంది, వంటింటి వైపు చూసినవాళ్లు తక్కువ. ఆయన తర్వాత చెప్పిన లెక్క మా రంగంలో అందరికీ తెలుసు: ఇంటి లోపల వదిలిన గ్రాము కాలుష్యం, బయట వదిలిన గ్రాము కంటే దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువగా మనిషి ఊపిరితిత్తుల్లోకి చేరే అవకాశం ఉంది. థర్మల్ ప్లాంటు టన్నుల్లో వదులుతుంది, మీ అమ్మగారి పొయ్యి గ్రాముల్లో వదులుతుంది. కానీ ఆ గ్రాములు మూరెడు దూరంలో ఉన్న ముఖంలోకి వస్తున్నాయి.

పోనీ పొయ్యి బయట పెడితే ఊరి గాలిలో కలిసిపోతుంది కదా అంటారు. కొంత నయమే, కాదనను. కానీ ఆ పొగ ఎక్కడికీ పోదు. పుష్య మాసంలో సాయంత్రం ఆరున్నరకు పొలం గట్టు మీద నిలబడి ఊరి వైపు చూడండి. ప్రతి ఇంటి మీదా లేచిన పొగ తాటిచెట్టు ఎత్తు దాకా వెళ్లి అక్కడి నుంచి పైకి పోలేక దుప్పటి పరిచినట్టు అడ్డంగా పరుచుకుంటుంది. చలికాలంలో నేల త్వరగా చల్లారి, కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి ఉండటం వల్ల మూత పెట్టినట్టు అవుతుంది. హైదరాబాద్‌కు ఆగ్నేయంగా 28 పల్లెల్లో చేసిన అధ్యయనంలో బయటి గాలిలో పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు సుమారు 33 మైక్రోగ్రాములు వచ్చింది. మన దేశ ప్రమాణం 40 కాబట్టి కాగితం మీద పాస్. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు మాత్రం 5. పల్లె గాలి స్వచ్ఛం అని మనం పాటలు పాడుకుంటాం గానీ లెక్క అలా లేదు. ఆ పల్లెల్లో సగానికి పైగా జనం అప్పటికి ఇంట్లో కట్టెలు, పిడకలు వాడేవారు.

ఇంకో సంగతి మీ నాన్నగారికి తప్పకుండా చెప్పండి, ఆయనకు నచ్చుతుంది. గాలిలో మసి కట్టెదా, డీజిల్‌దా అని తేల్చే దారి ఉంది. బతికున్న చెట్టు గాలి నుంచి కార్బన్ తీసుకుంటుంది కాబట్టి దానిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక రకం కొద్దిగా ఉంటుంది. బొగ్గు, పెట్రోలు కోట్ల ఏళ్లు భూమిలో ఉన్నవి, వాటిలో అది ఎప్పుడో అంతరించింది. మాల్దీవుల్లోని ఒక ద్వీపంలో, పుణె దగ్గర సింహగఢ్ కొండ మీద పట్టిన మసిని ఇలా పరీక్షించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, దక్షిణాసియా మీద కమ్ముకునే గోధుమ రంగు మబ్బులో మసి సగం నుంచి మూడింట రెండొంతుల దాకా కట్టెలు, పిడకలు, పంట చెత్త కాల్చడం వల్లే అని తేలింది. మిగతాది బొగ్గు, పెట్రోలు, డీజిలు. ఇద్దరూ దోషులే, ఎవరినీ వదిలేయడానికి లేదు.

ఇక బొగ్గు. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. ప్లాంట్లలో కరెంటు పలకలతో బూడిదను పట్టేసే యంత్రాలు ఉంటాయి, సరిగ్గా నడిస్తే 99 శాతానికి పైగా పట్టేస్తాయి కాబట్టి గొట్టం నుంచి నల్లటి పొగ కనిపించదు. కనిపించనిదే అసలు సమస్య. లెక్క వేసి చూపిస్తాను: 500 మెగావాట్ల యూనిట్ పూర్తిగా నడిస్తే రోజుకు ఏడెనిమిది వేల టన్నుల బొగ్గు కావాలి. మన బొగ్గులో గంధకం తక్కువే, అర శాతం అనుకుందాం. ఎనిమిది వేల టన్నులకు 40 టన్నుల గంధకం. అది ఆక్సిజన్‌తో కలిసి సల్ఫర్ డయాక్సైడ్ అయితే బరువు రెట్టింపు, అంటే ఒక్క యూనిట్ నుంచి రోజుకు 80 టన్నుల దాకా. రామగుండంలో, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, పాల్వంచలో ఇలాంటి యూనిట్లు ఎన్నేసి ఉన్నాయో మీకు తెలుసు. 275 మీటర్ల గొట్టం ఎందుకు కడతారంటే, పక్క ఊరి మీద పడకుండా దూరం పంపడానికి. ఆ దూరం పోయే దారిలోనే ఆ వాయువు సల్ఫేట్ కణాలుగా మారుతుంది, అదీ పీఎం 2.5లోకే చేరుతుంది. ప్లాంటు నుంచి వందల కిలోమీటర్ల అవతల, గొట్టం ముఖం కూడా చూడనివాడు దాన్ని పీలుస్తాడు. ఈ సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టే పరికరాలు పెట్టాలని 2015 డిసెంబరులో నిబంధన తెచ్చారు, గడువులు పెంచుకుంటూ పోయారు, చివరికి 2025 జులైలో దేశంలో ఎక్కువ ప్లాంట్లకు మినహాయింపే ఇచ్చేశారు. మన బొగ్గులో గంధకం తక్కువ కదా అన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. పైన వేసిన లెక్క చూశాక ఆ కారణం సరిపోతుందని నేను అనుకోను.

బొగ్గు ఇళ్లలో కాలితే ఏమవుతుందో చూడాలంటే 1952 డిసెంబరు లండన్ చూడాలి. 5వ తేదీ నుంచి 9 దాకా చలి, గాలి కదలిక లేదు, లక్షల ఇళ్లలో చలి కాచుకునే బొగ్గు కుంపట్లు, వాటికి తోడు పవర్ స్టేషన్లు. నాలుగు వేల మంది చనిపోయారని అప్పుడు లెక్క వేశారు, తర్వాతి అంచనాల్లో అది 12 వేల దాకా వెళ్లింది. 1956లో చట్టం తెచ్చి పొగ వచ్చే బొగ్గును ఇళ్ల నుంచి తప్పించడం మొదలుపెట్టారు. మన పుష్య మాసం సాయంత్రానికీ ఆ డిసెంబరుకూ మోతాదులోనే తేడా, జరిగేది ఒకటే.

డీజిల్ గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. 2012లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాని పొగను ఖచ్చితమైన క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే వాహన కాలుష్య ప్రమాణం వచ్చి ఇంధనంలో గంధకం 50 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50) నుంచి 10కి తగ్గింది, కొత్త బండ్లు నిజంగానే మెరుగు. పాత లారీలు, అపార్ట్‌మెంట్ జనరేటర్లు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది: గ్యాస్ కూడా శిలాజ ఇంధనమే కదా, మరి అది ఎందుకు మేలు? అది వాయువుగానే వస్తుంది, బర్నర్‌లో గాలితో ముందే కలుస్తుంది, అందుకే నీలం మంట. కాలకుండా మిగిలేది చాలా తక్కువ. భూతాపం లెక్కలో గ్యాస్ నిర్దోషి కాదు, ఆ మాట వేరు, కానీ మీ అమ్మగారి ఊపిరితిత్తుల లెక్కలో కట్టెకూ గ్యాస్‌కూ పోలికే లేదు. తమిళనాడుతో పాటు మరో మూడు దేశాల్లో గర్భిణులకు గ్యాస్ పొయ్యి ఇచ్చి చూసిన అధ్యయనంలో, వాళ్లు పీల్చే పీఎం 2.5 కట్టెలు వాడేవాళ్లలో ఘనపు మీటరుకు 70 మైక్రోగ్రాముల దగ్గర ఉంటే గ్యాస్ వాడినవాళ్లలో 24కు పడిపోయింది. పుట్టిన బిడ్డల బరువులో మాత్రం తేడా రాలేదు. కాబట్టి గ్యాస్ పెట్టగానే అన్నీ సర్దుకుంటాయని నేను చెప్పను, పొగ తగ్గుతుందని మాత్రం గట్టిగా చెబుతాను.

ఇక మీ ఇంటి సంగతి. మన దగ్గర గ్యాస్ కనెక్షన్ కొరత చాలావరకు తీరింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999 నాటి దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్జ్వల, ఇప్పుడు ఆంధ్రలో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, తెలంగాణలో 500 రూపాయల సిలిండర్. అయినా పొయ్యి ఆరలేదు. నేను వెళ్లిన ఇళ్లలో గ్యాస్ మీద టీ, కూర అయ్యేవి. స్నానాల నీళ్లు, పశువుల కుడితి, జొన్నరొట్టెలు కట్టెల మీదే. మీ అమ్మగారితో కూర్చుని ఆవిడ పొయ్యి దేనికి వెలిగిస్తున్నారో ముందు కనుక్కోండి. నేను చూసిన చాలా ఇళ్లలో కట్టెల్లో పెద్ద భాగం నీళ్ల కాగు కిందే పోయేది. ఆ ఒక్క పనినీ సోలార్ హీటర్‌కో, గీజర్‌కో మార్చితే వంట పద్ధతిని ముట్టుకోకుండానే చాలా పొగ పోతుంది, ఇంట్లో గొడవ కూడా ఉండదు. "కట్టెల పొయ్యి మీద పప్పు రుచే వేరు" అనే మాటకు ఎదురు వాదించకండి. పండగకో, ఆదివారానికో ఉంచుకోమనండి, పెరట్లో.

అప్పటిదాకా పొయ్యి తప్పదంటే, కట్టెలు బొటనవేలు లావుకు చీల్చి, వాన తగలని పంచన కనీసం ఒక ఎండాకాలం ఎండనివ్వాలి. రెండు కట్టెలు కొడితే టంగుమని మోగాలి, దబ్బుమంటే ఇంకా పచ్చే. ముట్టించడానికి పాలిథిన్ కవర్లు, పాత చెప్పులు అసలు వాడొద్దు, భోగి మంటలో టైర్లు కూడా అంతే, ఆ పొగలో కట్టె పొగలో కంటే ఎక్కువ విషాలు చేరతాయి. పొగ గొట్టం పెట్టించండి, కానీ నెలకోసారి మసి దులిపే మనిషి ఎవరో ముందే అనుకోండి. ఒడిశాలో సుమారు 2,600 కుటుంబాలకు మెరుగైన పొయ్యిలు ఇస్తే మొదటి ఏడాది పొగ తగ్గింది, తర్వాత బాగుచేసుకునేవాళ్లు లేక ఆ లాభం పోయింది. ఇంకొకటి, ఇది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మర్చిపోవద్దు: చలికాలంలో తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలోనే ప్రాణం పోతుంది, ప్రతి చలికాలం ఎక్కడో ఒకచోట ఇది జరుగుతూనే ఉంది.

అమ్మగారి దగ్గు రెండు వారాలు దాటితే సిరప్‌లతో కాలక్షేపం చేయకండి. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ముందు టీబీ లేదని తేల్చుకుని, స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష చేయించండి. ఎన్నేళ్లుగా పొయ్యి ముందు వండుతున్నారో మీరే నోరు తెరిచి చెప్పండి, ఎందుకంటే "పొగ తాగుతారా" అని అడిగితే ఆవిడ లేదనే అంటారు. టెన్షన్ పడాల్సిన పని లేదు, త్వరగా తెలిస్తే మందులతో ఆయాసం బాగా అదుపులో ఉంటుంది.

వంటగది కొలత, తలుపు ఏ వైపు ఉంది, కిటికీ ఉందా, పైన పెంకా, రేకా, స్లాబా, ఇవి రాయండి. గొట్టం ఎక్కడ దించాలో, ఎంత ఎత్తు పెట్టాలో చూసి చెబుతాను. వీలైతే సాయంత్రం వంట అవుతున్నప్పుడు గుమ్మంలో నిలబడి ఒక ఫోటో తీయండి, పొగ ఏ వైపు తిరుగుతోందో దానిలో తెలుస్తుంది.